పురనిర్మాణము – ప్రజారోగ్యము

పట్టణమున వ్యాధి ప్రబలినపుడు వైద్యుని పిలుతుము. వీధి వేయునపుడు ఆతని తలంపైనను మనకు రాదు. ఇంజనీరు నేడు చేసిన పొరపాటునకు ఫలము పదియేండ్లకు ఆసుపత్రిలో కానవచ్చును. ఈ యిరువురును ఒక్కచోట కూర్చుండి యాలోచింపనంతకాలము ఆసుపత్రు లెన్ని కట్టినను చాలవని మా దృఢాభిప్రాయము.

ఇందుకు హైదరాబాదు చరిత్రయే నిదర్శనము. 1897 ఆగష్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. నాటినుండి మలేరియా నివారణము వైద్యుని పని మాత్రమే గాక, నీరు నిలువకుండ కాలువ కట్టు ఇంజనీరు పనియు నైనది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలకొలది ప్రాణములను హరించెను. మరుసటి యేట వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరద నరికట్టుటతో తృప్తి నొందక, మురుగునీటి పారుదలకును మార్గము చూపిరి. వారి సలహాననుసరించి 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియయ్యెను. ప్రాణములు తీసిన నీరే త్రాగునీరయ్యెను. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకుపేటలను తొలగించి, వెడల్పయిన వీధులు వేసి, బీదలకు ఇండ్లు కట్టించెను.

అట్టి నగరముననే 2009 మే నెలలో భోలక్‌పూరు పేటలో మురుగు కలిసిన నీరు త్రాగి పలువురు మరణించిరి. మంచినీటి గొట్టమును మురుగుకాలువయు ఎచ్చట నొరసికొనుచున్నవో ఇంజనీరెరుగును. ఏ వీధిలో వాంతులు, విరేచనములు హెచ్చుచున్నవో వైద్యుడెరుగును. ఈ రెండెరుకలును ఒకే పటముపై కలియవలదా? 1854లో లండనులో జాన్ స్నో అను వైద్యుడు చేసిన దిదియే. కలరా మరణములను వీధిపటమున గుర్తించి, ఒక్క చేతిపంపు మూలమని లోకమునకు చూపెను.

మన రాజ్యాంగమును ఈ మార్గమునే చూపుచున్నది. 1992 నాటి 74వ సవరణము పురపాలక సంఘముల కప్పగింపదగిన పదునెనిమిది విధులలో మొదటిదిగా పురప్రణాళికను, ఆరవదిగా ప్రజారోగ్యమును పేర్కొన్నది. శాసన మొకే పంక్తిలో కూర్చుండబెట్టిన వారిని పరిపాలనము వేరు గదులలో కూర్చుండబెట్టినది. హైదరాబాదులో నీటికిని మురుగునకును 1989లో ఒక బోర్డు, నగర ప్రణాళికకు 2008లో వేరొక సంస్థ ఏర్పడినవి. రోగుల లెక్కలు మరియొక కచ్చేరిలో నుండును.

కావున మేము కోరునది స్వల్పము. ఆరోగ్యాధికారి సంతకము లేనిదే ఏ నూతన పేట పటమును మంజూరు కారాదు. పేటవారీ రోగుల లెక్కలు ప్రణాళికాధికారి బల్లపై నుండవలయును. ఇందువలన ఆలస్యమగునని కొందరనవచ్చును. ఇల్లు కాలినపిదప నూయి త్రవ్వుటకన్న ఆ యాలస్యమే మేలు.

పొలములను ఇండ్లస్థలములుగా విభజించి అమ్ము భూస్వాములకు ఒక్క మాట. మీరు కాలువను పూడ్చి, కుంటను చదును చేసి అమ్మిన ప్రతి గజమును, కొన్నవాని బిడ్డల యారోగ్యముతో వెల గట్టబడుచున్నది. కొనువారును ధర నడుగుటకు ముందు మురుగు ఎటు పోవునో యడుగుదురు గాక!