పొడవు గొట్టపు పిస్తోలు

ఆయుధమనగానే భయమును, లైసెన్సనగానే హోదాయును మన దేశస్థుల మనస్సునకు దోచుట 1878వ సంవత్సరపు ఆయుధచట్టము మనకు విడిచిపోయిన యలవాటు. లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా నున్న కాలమున వెలువడిన యా చట్టము భారతీయుని లైసెన్సునకు లోబఱచినది. దాని నిబంధనలు ఐరోపీయునికి మినహాయింపు నొసగినవి. ఆ యవమానమును మఱవజాలకనే 1931లో కరాచి కాంగ్రెసు తలపెట్టిన ప్రాథమిక హక్కుల తీర్మానమున, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు ప్రతి పౌరునికిని ఉండవలెనని చేర్చిరి. 1959లో స్వతంత్ర భారతము తన చట్టమును తాను చేసికొన్నది. కాని తుపాకి వేటకో, దర్పమునకో, దౌర్జన్యమునకో తప్ప వేఱొకదానికి గాదను తలంపు మాత్రము తొలగలేదు. గుఱికొట్టుటకే పుట్టిన పిస్తోలొకటి కలదు. దానిని గుఱించి నేడు ముచ్చటింపదలచితిమి.

ఈ పిస్తోలునకు వాడు తూటా 22 బోరుది. పెద్ద తూటాలలో మందు నంటించు రసాయనము అడుగున నడిమి బిళ్లలో నుండును. దీనిలోనో, అడుగు అంచు మడతలోనే యది యిమిడియుండును. సుత్తి ఆ యంచుమీద గొట్టగానే తూటా పేలును. అమెరికాలో 1887 ప్రాంతమున నేటి రూపము దాల్చిన యీ తూటాలో సీసపు గుండు రెండున్నర గ్రాములకు గొంచెము మించును. చప్పుడు తక్కువ, అదరు తక్కువ, వెల తక్కువ. కావున అభ్యాసమునకు దీనికి సాటి లేదు.

గొట్టము పొడవుగా నుండుట యేల? పొడవైనంతమాత్రమున గుండు సూటిగా బోదు. గొట్టము కొననున్న మొలకను వెనుకనున్న గండిలో నిలిపి గుఱి చూతురు. ఈ రెంటి నడుమ దూరము 200 మిల్లీమీటరులైనచో, వీని పొందికలో మిల్లీమీటరులో పదవవంతు తేడా 50 మీటరుల కడ 25 మిల్లీమీటరులగును. ఆ దూరము 400 అయినచో పన్నెండున్నరయే. 50 మీటరుల పందెమున పది మార్కుల వలయము అడ్డుకొలత 50 మిల్లీమీటరులు మాత్రమే. నడిబొడ్డున జూచినవాని గుండు మొదటి లెక్కలో వలయపు టంచునకు బోవును. రెండవ లెక్కలో లోపలనే నిలుచును. అయితే పొడవు గొట్టము చేతి వణకును దాచదు. గుండు గొట్టములో మఱికొంత సేపుండును గనుక, మీట నొక్కిన పిమ్మటగూడ చేయి నిలుకడగా నుండవలెను. ఇది బలముకంటె నిగ్రహము నెక్కువగా గోరు విద్య.

నిగ్రహమేమి చేయగలదో హంగరీ సైనికుడు కారొలి టకాచ్ చూపెను. 1938లో చేతిబాంబు పేలి యాతని కుడిచేయి పాడయ్యెను. ఆతడు ఎడమచేత నభ్యసించి, 1948లో లండనులోను, 1952లో హెల్సింకిలోను 25 మీటరుల వేగపు పిస్తోలు పందెమున స్వర్ణపతకముల గెలిచెను.

50 మీటరుల పందెమున మనవారును వెనుకబడలేదు. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలలో జీతూ రాయ్ స్వర్ణమును, 2018లో చాంగ్వాన్ ప్రపంచపోటీలలో ఓంప్రకాశ్ మిఠర్వాల్ స్వర్ణమును గొనివచ్చిరి. కాని 2016 రియో క్రీడల తరువాత ఒలింపిక్సునుండి ఆ పందెమును తొలగించిరి. 25 మీటరుల పిస్తోలు మాత్రము నిలిచినది. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదు బాలిక ఈషా సింగ్ ఆ పిస్తోలుతోనే జట్టుతో స్వర్ణమును, తాను విడిగా రజతమును సాధించినది.

పాత పిస్తోలు గలవారు కొన్ని సంగతులెఱుగవలెను. తూటా లేకుండ ఊరక మీట నొక్కరాదు. సూది గొట్టపు టంచును గొట్టి చెఱచును. నాటి పిస్తోలులన్నియు నేటి అధికవేగపు తూటాలకు దాళవు. కోల్టు కంపెనీవారి ఉడ్సుమన్ పిస్తోలులలో 1932కు ముందువి సామాన్య వేగపు తూటాలకే యేర్పడినవి. ఆయుధమెఱిగిన నిపుణునికి జూపకుండ తాతగారి పిస్తోలును పేల్చుట తగదు.

ఇక చట్టము మాట. 2019 సవరణవలన ఒక్కొక్కరికి మూడు ఆయుధములకు బదులు రెండే మిగిలినవి. వంశపారంపర్యముగా వచ్చినవియు నీ లెక్కలోనివే. గుర్తింపు పొందిన రైఫిలు సంఘముల సభ్యులు అభ్యాసమునకు వాడు 22 బోరు రైఫిలునకును, గాలి రైఫిలునకును 1959 చట్టమే యీ పరిమితినుండి మినహాయింపు నిచ్చినది. పిస్తోలు మాట అందులో లేదు. పేరొందిన క్రీడాకారులకు వేఱుగ మినహాయింపులు గలవు, నిజమే. కాని పేరు పొందుటకు ముందు అభ్యసింపవలదా? నీటిలో దిగనిదే ఈత వచ్చునా?

పిస్తోలు సులభముగా దాచదగినది గావున ప్రమాదకరమని ప్రభుత్వమువా రనవచ్చును. ఈ భయము నిరాధారమని మేమనము. పెండ్లి యూరేగింపులలో గాలిలో గాల్చి నిండుప్రాణములు దీయు మూర్ఖత్వమును 2019 సవరణ శిక్షార్హము చేయుట మాకును సమ్మతమే. అందుచేతనే పిస్తోలును ఇంటింట బెట్టుమని మేమడుగుట లేదు. జిల్లాకొక గుఱిశాల యుండవలెను. ఆయుధములు దాని కొట్టులోనే, తాళములోనే యుండవలెను. శిక్షకుని యెదుటనే వాడవలెను. పరిమితికి మించిన పాత పిస్తోలులను లైసెన్సుదారులు అట్టి సంఘములకు దానమీయ నవకాశ ముండవలెను. పోలీసు కొట్టులలో తుప్పుపట్టు ఇనుము పిల్లల చేతికి విద్యగా మాఱుట మేలుగదా!

ధనికుల బిడ్డలకు మాత్రమే దొరకు విద్య దేశవిద్య కానేరదు. చేతి నిలుకడ కులమును, ఆస్తిని జూచి రాదు. దానిని వెదకి తీయు బాధ్యత ప్రభుత్వముది. గుఱిశాలలకు స్థలమును, ధనమును సమకూర్చు బాధ్యత మన పట్టణములలోని శ్రీమంతులది. ఇరువురును తమ వంతు నెఱవేర్తురని యాశించుచున్నాము.