లినక్స్‌లో ఏ ఫైలు ఎక్కడ ఉండాలి? ఎందుకు? ఎలా?

లినక్స్ కంప్యూటర్ ఏదైనా సరే, సెట్టింగుల ఫైళ్లు దాదాపు ఎప్పుడూ ‘ఈటీసీ’ అనే డైరెక్టరీలో ఉంటాయి. మనం దాచుకున్నవి ‘హోమ్’లో ఉంటాయి. ఈ పొందిక ఎలా వచ్చింది?

లినక్స్ 1991లో పుట్టింది. ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు కాబట్టి త్వరలోనే రకరకాల లినక్స్‌లు వచ్చాయి. ఒక్కొక్కరు ఫైళ్లను ఒక్కోచోట పెట్టారు. దాంతో ఒకదాని కోసం రాసిన ప్రోగ్రాముకు మరోదానిలో కావలసిన ఫైలు దొరికేది కాదు.

అందుకే 1993లో కొందరు ప్రోగ్రామర్లు ఉమ్మడి నియమాలు రాయడం మొదలుపెట్టారు. 1994 ఫిబ్రవరిలో మొదటి ప్రతి వెలువడింది. తర్వాత బీఎస్‌డీ వంటి యూనిక్స్ తరహా వ్యవస్థల వాళ్లూ చేయి కలిపారు. అలా ‘ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్’ తయారైంది. దాని 3.0 ప్రతి 2015లో వచ్చింది.

ఏది ఎక్కడో ఎలా తేల్చారు? ప్రతి ఫైలుకూ రెండు ప్రశ్నలు వేశారు. ఇది తనంతట తాను మారుతూ ఉంటుందా? వేరే కంప్యూటర్లతో పంచుకోవచ్చా? ప్రోగ్రాములు మారవు, పంచుకోవచ్చు. కాబట్టి అవి ‘యూఎస్ఆర్’లోకి వెళ్లాయి. రోజూ పెరిగే లాగ్ ఫైళ్లు ‘వార్’లోకి, ఆ ఒక్క కంప్యూటర్‌కే చెందిన సెట్టింగులు ‘ఈటీసీ’లోకి చేరాయి. ఇలా విడదీస్తే ‘యూఎస్ఆర్’ను ఎవరూ మార్చకుండా తాళం వేసినట్టు ఉంచవచ్చు, నెట్‌వర్క్‌లో అనేక కంప్యూటర్లకు పంచవచ్చు.

ఈ నియమాలు చట్టం కాదు. యూనిక్స్ తరహావే అయిన మ్యాక్ కంప్యూటర్లలో ‘హోమ్’ బదులు ‘యూజర్స్’ కనిపిస్తుంది. అయినా ఒకచోట నేర్చుకున్నది మరోచోట పనికొస్తోందంటే, అది స్వచ్ఛందంగా కుదుర్చుకున్న ఈ ఒప్పందం గొప్పతనమే!