నడినెత్తిన చిన్న నీహారిక

పాలపుంతను ఫొటో తీయాలంటే ఉదయగిరి కొండల చెంతకు పోయి చీకటి వెతుక్కోవాలి. చిన్న గ్రహ నీహారికకు ఆత్మకూరులో ఇంటి పెరడు చాలు. దానికి చీకటి కన్నా గాలి నిలకడ ముఖ్యం.

సూర్యుడి వంటి నక్షత్రం చివరి దశలో తన పై పొరలను వదిలేస్తుంది. మిగిలిన వేడి గర్భం నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు ఆ వాయువును వెలిగిస్తాయి. అదే గ్రహ నీహారిక. గ్రహాలతో దానికి సంబంధం లేదు. మిథున రాశిలో, పునర్వసు తారలకు దక్షిణంగా ఉన్న ఎన్‌జీసీ 2392 అలాంటిదే. 1787లో విలియం హెర్షెల్ దీన్ని కనుగొన్న ఇంగ్లండ్‌లో ఇది నడినెత్తికి 30 డిగ్రీల దూరంలోనే ఆగిపోతుంది. మనకు మాత్రం ఫిబ్రవరి నడుమ రాత్రి పది గంటలకు 6 డిగ్రీల దగ్గరికి వస్తుంది. దాని కాంతి దాటాల్సిన గాలి మందం అంత తగ్గుతుంది.

చిక్కంతా పరిమాణంతోనే. దీని వెడల్పు సుమారు 47 ఆర్క్ సెకన్లు, చందమామలో నలభయ్యో వంతు. 200 మి.మీ. లెన్స్‌తో తీస్తే సెన్సర్ మీద మిల్లీమీటరులో ఇరవయ్యో వంతే పడుతుంది. 2,000 మి.మీ. నాభ్యంతరం ఉన్న 8 అంగుళాల టెలిస్కోపుతో అర మిల్లీమీటరుకు చేరువవుతుంది. అయితే బొమ్మతో పాటు గాలి కదలికా పెద్దదవుతుంది. ఎండకు కాగిన మిద్దె స్లాబు రాత్రి చాలాసేపు వేడి కక్కుతూ బొమ్మను వణికిస్తుంది. మిద్దె కన్నా పెరటి మట్టి నేల మేలనేది ఇందుకే.

ఎక్స్‌పోజర్ పెంచితే నడిమి నక్షత్రం చుట్టూ తెల్లగా మాడిపోతుంది. రెండు మూడు సెకన్ల ఫొటోలు వందల్లో తీసి, గాలి కుదురుగా ఉన్నప్పుడు పడ్డవే ఏరి, కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పేర్చాలి. మసక బయటి పొరకు విడిగా ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇచ్చి కలుపుకోవచ్చు.

మరి వీధి దీపాలో? నీహారిక కాంతి చాలావరకు కొన్ని రంగు గీతల్లోనే ఉంటుంది. వాటిలో ముఖ్యమైనది 500.7 నానోమీటర్ల ఆకుపచ్చ గీత. దాన్ని మాత్రమే లోపలికి వదిలే ఓ-త్రీ ఫిల్టర్ దీపాల వెలుగును చాలావరకు ఆపేస్తుంది. 1864లో విలియం హగ్గిన్స్ మరో గ్రహ నీహారికలో ఈ గీతను చూశాక, ఇదేదో కొత్త మూలకమనుకుని తర్వాత ‘నెబ్యులియం’ అని పేరు పెట్టారు. గుంటూరు నుంచి ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యగ్రహణాన్ని పరిశీలించిన 1868లోనే సూర్యకాంతిలో బయటపడ్డ పసుపు గీత నిజంగా కొత్త మూలకానిదే: హీలియం. నెబ్యులియం మాత్రం రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజనేనని 1927లో ఐరా బోవెన్ తేల్చాడు.

ఈ ఆకుపచ్చ ఆక్సిజన్ గీతలో ఒక ఫొటో, 656.3 నానోమీటర్ల ఎర్రటి హైడ్రోజన్ గీతలో ఇంకో ఫొటో తీసి పక్కపక్కన పెట్టుకుంటే, ఆక్సిజన్ ఎక్కడ వెలుగుతోందో, హైడ్రోజన్ ఎక్కడ వెలుగుతోందో పొర పొరగా పోల్చుకోవచ్చు.