ఆ నరం కడితే మగతనం పోదు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వరికోసిల్ అని తేలిన మగవాడికి డాక్టరు కంటే ముందే టీకొట్టు దగ్గర సలహా దొరుకుతుంది: "ఆ నరం కోయించుకుంటే మగతనం పోతుందబ్బా!" ఆ మాటకు జడిసి మొగుడు ఆసుపత్రి గడప తొక్కడు. పిల్లలు పుట్టలేదని హార్మోను పరీక్షలు, ట్యూబుల పరీక్షలు, బోయకొండ గంగమ్మకు మొక్కులు, అత్తింటి దెప్పులు మాత్రం భార్యకు తప్పవు.

అపోహ: ఆపరేషన్‌తో మగతనం పోతుంది.

వాస్తవం: వృషణాల నుంచి రక్తాన్ని పైకి చేర్చే సిరల్లో కవాటాలు పనిచేయకపోతే, ఫుట్‌వాల్వు చెడిన బావి మోటారులో నీళ్లలా, రక్తం కిందికి జారి నిలుస్తుంది. సిరలు ఉబ్బుతాయి. అదే వరికోసిల్. నూటికి 15 మంది మగవాళ్లకు ఉండేదే, ఎక్కువగా ఎడమవైపు. సర్జన్ కట్టేది ఆ ఉబ్బిన సిరల్నే. అంగం గట్టిపడటానికి పనిచేసే నాడులు, రక్తనాళాలు వేరే దారిలో వస్తాయి. టెస్టోస్టిరాన్ తగ్గదు సరికదా, తక్కువున్న కొందరిలో పెరుగుతుంది. కుటుంబ నియంత్రణకు కోసే వీర్యనాళాన్ని ఇందులో కోయరు. భయపడాల్సినవి వేరే ఉన్నాయి: వృషణం చుట్టూ నీరు చేరడం, వరికోసిల్ తిరగబెట్టడం, అరుదుగా ధమని దెబ్బతిని వృషణం కుంచించుకుపోవడం. మైక్రోస్కోపుతో చేస్తే ఇవి బాగా తగ్గుతాయి. టీకొట్టు వైద్యులు వీటిలో ఒక్కటీ చెప్పరు.

"వరికోసిల్ ఉంటే పిల్లలే పుట్టరు": ఉన్నవాళ్లలో ఎక్కువమంది తండ్రులవుతూనే ఉన్నారు.

"హస్తప్రయోగం వల్ల వస్తుంది": రాదు.

"పొడి తింటే కరుగుతుంది": కరిగేది జేబు.

"వేడి చేసింది": దీనికి మాత్రం, ఇష్టం లేకపోయినా, సగం మార్కులివ్వాలి. వృషణాలు ఒంటి వేడి కన్నా 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలి. నిలిచిన రక్తం ఆ చల్లదనాన్ని చెడగొడుతుంది, వీర్యకణాలు దెబ్బతింటాయి. అయితే ఆ వేడి కోడికూర తెచ్చిందీ కాదు, మజ్జిగకు దిగేదీ కాదు.

ఏడాది ప్రయత్నించినా కడుపు రాకపోతే, భార్యకు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ ఒకేసారి వెళ్లండి. కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. తిరుపతి, వేలూరు, బెంగళూరు బస్సు దూరమే. 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి వీర్యపరీక్షకు ఇవ్వాలి. తేడా వస్తే మరోసారి. చేతికి తగలకుండా స్కానులో మాత్రమే కనిపించే వరికోసిల్‌కు పిల్లల కోసమని ఆపరేషన్ అక్కర్లేదు. ఎవరైనా తొందరపెడితే ఇంకో యూరాలజిస్టును అడగండి. ఆపరేషన్ చేయించుకున్నా ఫలితం తెలియడానికి కనీసం మూడు నెలలు పడుతుంది, ఎందుకంటే వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు. అందరికీ ఫలిస్తుందన్న హామీ కూడా లేదు. వాపు ఉన్నట్టుండి వచ్చినా, కుడివైపే ఉన్నా, పడుకున్నప్పుడు తగ్గకపోయినా కిడ్నీలో గడ్డ లేదని స్కానుతో తేల్చుకోవాలి.

ఇంట్లో ఆడమనిషికి ఒక్క సూది వేయించే ముందే మగవాడు వీర్యపరీక్ష చేయించుకోవాలి. ఈ పరీక్షలన్నిటిలో నొప్పి లేనిదీ, ఖర్చు తక్కువైనదీ అదే.