జామాయిల్ దుంగ ఎందుకు పగులుతుంది?

గొడ్డలి వేటు పడని చోట చెక్క తనంతట తాను పగలడం చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. అప్పుడే నరికి ముక్కలు చేసిన జామాయిల్ దుంగను కోత మిల్లు ఆవరణలో వదిలితే, కొన్ని గంటలలోనే దాని కొనలో నడిమి దవ్వ నుంచి బెరడు వైపుగా నక్షత్రం ఆకారంలో బీటలు సాగుతాయి. ఒక్కొక్కసారి రంపం బయటకు వచ్చిన మరుక్షణమే పెద్ద చప్పుడుతో దుంగ నెర్రె విచ్చుతుంది. “పచ్చి చెక్క కదా, ఎండకు పగిలింది” అని మనం సాధారణంగా సరిపెట్టుకుంటాము. కాని రంపం తీసిన క్షణానికి ఆరడానికి వ్యవధి ఏది? చెక్కలో నీరు నిండుగా ఉండగానే వచ్చే ఈ పగుళ్ళకు కారణం ఎండ కాదు. చెట్టు ప్రాణంతో ఉన్నప్పుడే తన కాండంలో బిగించి ఉంచిన బలమే ఆ కారణం. శాస్త్రజ్ఞులు దీనిని పెరుగుదల ప్రతిబలం అంటారు.

యంత్రాల మధ్య పనిచేసే మనకు ఈ భావన కొత్తది కాదు. పోతపోసిన ఇనుప భాగం ఒక వైపు ముందుగా, మరొక వైపు ఆలస్యంగా చల్లారితే దానిలో అవశిష్ట ప్రతిబలాలు మిగిలిపోతాయనీ, తరువాత దానిని కోసినప్పుడు అది వంకర తిరుగుతుందనీ మన కార్మిక సోదరులకు అనుభవమే. చెట్టులో జరిగేదీ ఇటువంటిదే. అయితే ఇక్కడ చల్లారడానికి బదులు పెరగడమే ఆ బిగువును పుట్టిస్తుంది.

బిగువు ఎలా పుడుతుంది?

చెట్టు లావెక్కేది బెరడు కిందనున్న పలుచని పెరుగుదల పొర వల్ల. ఆ పొర ఏటేటా లోపలి వైపు కొత్త చెక్క కణాలను చేరుస్తుంది. కొత్త కణం ముదిరే దశలో నిలువుగా కొంచెం కుదించుకుపోవాలని చూస్తుంది. దాని గోడలో లిగ్నిన్ చేరినప్పుడు గోడ అడ్డంగా ఉబ్బి నిలువుగా కుదించుకుంటుందని ఒక వాదం ఉండేది. గోడలోని సెల్యులోజ్ తంతువులే బిగుసుకుంటాయని మరొక వాదం. రెండింటి పాత్రా ఉన్నదని తరువాతి పరిశోధకులు సమన్వయపరిచారు. ఏదేమైనా ఆ కణం అప్పటికే గట్టిపడిన పాత చెక్కను అంటిపెట్టుకుని ఉంటుంది కనుక స్వేచ్ఛగా కుదించుకోలేదు. ఫలితంగా కొత్త పొర సాగదీసిన స్థితిలో నిలిచిపోతుంది, లోపలి చెక్క కొంచెం నొక్కుడు పడుతుంది. ఏటేటా ఇలా పొర మీద పొర చేరేసరికి కాండం వెలుపలి భాగమంతా లాగుడులోను, నడిమి భాగమంతా నొక్కుడులోను ఉంటాయి. ఈ రెండూ సరిసమానమై లాగుడూ నొక్కుడూ లేని చోటు, లెక్క ప్రకారం, కేంద్రం నుంచి వ్యాసార్ధంలో సుమారు 60 శాతం దూరంలో వస్తుంది. అంటే 30 సెంటీమీటర్ల వ్యాసం గల దుంగలో నడిమి నుంచి 9 సెంటీమీటర్ల వద్ద.

ఈ బిగువు ఎంతటిదో చూద్దాము. జామాయిల్ జాతులలో బెరడు కింది చెక్కను విడిగా కోస్తే మీటరుకు సుమారు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు కుదించుకోవడం సాధారణం. చూడడానికి ఇది స్వల్పమే. కాని అంత కుదింపును చెట్టులో ఆపి ఉంచిన ప్రతిబలం చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 కిలోలు! ఆస్ట్రేలియా అటవీ శాస్త్రజ్ఞుడు ఎం. ఆర్. జేకబ్స్ దుంగలను పలకలుగా కోస్తూ వాటి పొడవులో మార్పులను కొలిచి 1945లో ప్రచురించిన పరిశీలనలు ఈ విషయంలో పునాది వంటివి. అదే దేశానికి చెందిన జె. డి. బాయిడ్ 1950లో ఆ కృషిని ముందుకు తీసుకువెళ్ళాడు.

చెట్టుకు మేలు, మనకు చిక్కు

చెట్టు ఈ భారాన్ని ఎందుకు మోస్తున్నదనే ప్రశ్న సహజం. చెక్క లాగుడును తట్టుకున్నంతగా నొక్కుడును తట్టుకోలేదు. గాలికి కాండం వంగినప్పుడు ఒక పక్క సాగుతుంది, రెండవ పక్క నొక్కుకుంటుంది. వెలుపలి చెక్క ముందే లాగుడులో ఉన్నందువల్ల, గాలి కలిగించే నొక్కుడు మొదట ఆ లాగుడును తీర్చిన తరువాతనే చెక్కను బాధించగలదు. మన ఇంజనీర్లు వంతెనల కోసం తయారుచేసే ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు సూత్రమూ ఇదే, కాకపోతే తలకిందులుగా. కాంక్రీటు లాగుడుకు బలహీనం కనుక దానిని ముందే నొక్కి ఉంచుతాము. చెట్టు నొక్కుడుకు బలహీనం కనుక తనను తాను ముందే లాగి ఉంచుకుంటుంది. వాలిన చెట్టు పై వైపున లాగుడు చెక్కను ప్రత్యేకంగా పెంచి తనను నిటారుగా నిలుపుకునే ప్రయత్నం కూడా చేస్తుంది.

చెట్టు నిలబడి ఉన్నంతకాలం ఈ ఏర్పాటు నిర్దుష్టమైనది. దానిని అడ్డంగా కోసినప్పుడే చిక్కు వస్తుంది. కోసిన ముఖం వద్ద బలాలను పట్టి ఉంచే ఆధారం తొలగిపోతుంది. వెలుపలి చెక్క కుదించుకోబోతుంది, నడిమి చెక్క బయటకు పొడుచుకు రాబోతుంది. దానితో దుంగ కొన మొగ్గ విచ్చుకున్నట్టు విచ్చుకోజూస్తుంది. చెక్క పోగులు అడ్డంగా సులభంగా విడిపోతాయి కనుక దవ్వ దగ్గర బీట మొదలవుతుంది. దుంగను నిలువుగా రెండుగా కోస్తే రెండు సగాలూ కొనల వద్ద ఒకదానికొకటి దూరంగా, బెరడు వైపుకు వంగుతాయి. సన్న దుంగలో ఇదే లాగుడు నుంచి నొక్కుడుకు మార్పు కొద్ది దూరంలోనే జరుగుతుంది కనుక వంకర మరింత ఎక్కువ. బాగా పెద్ద వృక్షాలలో నడిమి చెక్క నొక్కుడుకు తాళలేక పోగులు నలిగి పెళుసుబారడమూ ఉంటుంది.

ఈ పగుళ్ళను ఆరుదల పగుళ్ళతో కలగలపరాదు. చెక్కలో తేమ సుమారు 30 శాతానికి దిగిన తరువాతనే అది కుదించుకోవడం ప్రారంభిస్తుంది. ఆ పగుళ్ళు నిదానంగా, సన్నగా, ఎండ తగిలిన పై ముఖాల నుంచి లోపలికి వస్తాయి. పెరుగుదల పగుళ్ళు నడిమి నుంచి వెలుపలికి, కోసిన వెంటనే వస్తాయి. వ్యాధి వేరైనప్పుడు మందూ వేరు కావాలి.

ఇందులో మనకేమి?

టిప్పు సుల్తాన్ కాలంలో, 1790 ప్రాంతాన, నంది కొండలకు వచ్చినట్టు చెప్పే ఈ చెట్టు 1843లో నీలగిరులకు చేరింది, కనుకనే దీనికి నీలగిరి అనే పేరు కూడా వచ్చింది. తెలుగునాట 1980ల చివరి నుంచి భద్రాచలం ప్రాంతంలో ఎంపిక చేసి పెంచిన క్లోన్లు రైతుల పొలాలకు చేరి, కాగితపు మిల్లులకు ముడిసరకు అయ్యాయి. కాగితపు గుజ్జుకు దుంగ పగిలినా పగలకపోయినా ఒకటే. కాని అదే చెట్టును మరి కొన్నేళ్ళు పెంచి పలకలుగా, తలుపు చట్రాలుగా, యంత్రాల ప్యాకింగు దిమ్మలుగా మార్చాలంటే ప్రతి బీటా నష్టమే. కోత చెక్కగా అమ్ముడుపోవలసిన దుంగ వంటచెరకు ధరకు దిగితే, ఏళ్ళ తరబడి చెట్టును కాపాడిన రైతు శ్రమ ఆ బీటలోనే పోతుంది. పొలాల చెక్క వినియోగానికి వస్తే సహజారణ్యాల మీద ఒత్తిడి తగ్గుతుంది. ఆ మేరకు ఇది దేశానికి సంబంధించిన విషయం కూడా.

మరొకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది, మనుషుల క్షేమం. వాలిన చెట్టును ఒక వైపు నుంచే కోస్తూ పోతే కాండం నిలువునా చీలి వెనుకకు ఎగసే ప్రమాదం ఉన్నది. రంపం పనిలో ఉన్నవారు కాండానికి సరిగ్గా వెనుక నిలబడరాదు. బిగువు విడుతున్న దుంగ రంపాన్ని నొక్కి పట్టవచ్చును కనుక సీలలు సిద్ధంగా ఉంచుకోవాలి.

నివారణోపాయాలు

పగుళ్ళను పూర్తిగా మాన్పే మార్గం లేదు, తగ్గించే మార్గాలు మాత్రం ఉన్నాయి.

మొదటిది, అడ్డకోతలు తగ్గించడం. ప్రతి అడ్డకోత రెండు కొత్త కొనలను సృష్టిస్తుంది. కనుక దుంగను వీలైనంత పొడవుగానే మిల్లుకు చేర్చి, అవసరమైన కొలతకు అక్కడే కోయడం మేలు. పగిలిన కొనను కోసేసి ఊరట చెందడం వృథా. లోపలి చెక్కలో బిగువు అలాగే ఉంటుంది కనుక కొత్త కొన కూడా పగులుతుంది.

రెండవది, ఆలస్యం చేయకుండా కోయడం. నరికిన తరువాత రోజులు గడిచేకొద్దీ బీటలు పొడవు సాగుతాయి. తప్పనిసరిగా నిలవ ఉంచవలసి వస్తే నీడలో ఉంచి నీరు చల్లడం, లేదా చెరువులో ముంచి ఉంచడం, కొనలకు మైనం గాని తారు గాని పూయడం ఆచారంలో ఉన్నాయి. ఇవి ఆరుదల పగుళ్ళు తోడు కాకుండా కాపాడతాయి. కొనలో కొట్టే ఎస్ ఆకారపు ఇనుప పట్టీలు బిగువును తీసివేయవు, బీటను పట్టి ఉంచుతాయి, అంతే.

మూడవది, కోసే క్రమం. దుంగను ఒకే వైపు నుంచి కోస్తూ పోకుండా, ఈ పక్క ఒక పలక, ఆ పక్క ఒక పలక చొప్పున తీస్తే రెండు వైపులా బిగువు సమంగా విడుతుంది, మిగిలిన దిమ్మ తిన్నగా నిలుస్తుంది. కోసిన పలకలను సమాన దూరంలో బద్దలు పెట్టి పేర్చి, పైన బరువు వేసి, నీడలో నిదానంగా ఆరబెట్టాలి.

నాలుగవది, దీర్ఘకాలికమైనది, చెట్టును ఎంచుకోవడం. ఈ బిగువు చెట్టుకూ చెట్టుకూ మారుతుంది, కొంతవరకు వారసత్వంగానూ వస్తుంది. నిలబడి ఉన్న చెట్టు బెరడు తీసి, నిలువుగా 45 మిల్లీమీటర్ల దూరంలో రెండు సూదులు గుచ్చి, వాటి మధ్య 20 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, సూదులు ఎంత జరిగాయో కొలిచే పద్ధతి ఉన్నది. చెట్టును పడగొట్టకుండానే తల్లి చెట్లను ఎంచవచ్చును. నిటారుగా పెరిగే, బిగువు తక్కువ గల క్లోన్లను నాటి, చెట్లు వాలిపోకుండా సరైన ఎడం పాటిస్తే, పగుళ్ళను తగ్గించే పని నారుమడిలోనే మొదలైనట్టు.

మన పాఠకులలో పలువురికి సొంత ఊళ్ళలో పొలాలు, గట్ల మీద జామాయిల్ వరుసలు ఉన్నాయి. చెట్టు నరికించే ముందు దుంగ దేనికి పోతుందో నిర్ణయించుకోండి. కోత చెక్కకైతే మిల్లు వారితో ముందే మాట్లాడి, నరికిన రోజునో మరునాడో రంపానికి చేర్చండి.