చలి పూట వేడి చీజ్, పైన తేనె - ఓవెన్ లేకుండానే

ఖమీస్ ముషైత్ సముద్ర మట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ కంబళి లేనిదే నిద్ర పట్టదు. డ్యూటీ నుండి వణుకుతూ వచ్చిన మనిషికి చల్లారిన ఖుబుస్, పొద్దుటి పప్పు గొంతు దిగవు. అలాంటి పూటకు పనికొచ్చే వంటకం ఇది.

హోటళ్ళలో, కాఫీ షాపుల్లో పనిచేసే మన సోదరులు దీన్ని చూసే ఉంటారు. గుండ్రటి బ్రీ చీజ్‌ను ఓవెన్‌లో మెత్తబడేదాకా ఉంచి, పైన తేనె, అంజీరు, బాదం వేసి, పక్కన కాల్చిన రొట్టె ముక్కలు పెట్టి ఇస్తారు. పళ్ళెం మోసే చేతికి ఆ రుచి తెలిసే అవకాశం తక్కువ. ఆ బ్రీ ఫ్రాన్స్ దేశపు సరుకు, ధర మన జేబుకు అందదు. పైగా రూములో ఓవెన్ ఎక్కడిది? అయినా రెండు కిటుకులు తెలిస్తే బకాలా సరుకుతోనే చేసుకోవచ్చు.

చీజ్‌లో తీపి ఏమిటని కొందరు మొహం చిట్లిస్తారు. ఇంటి దగ్గర జున్నుపాలలో బెల్లం, మిరియాల పొడి వేసి వండుకున్నవాళ్ళమే కదా! పాలస్తీనాలోని నాబ్లస్ ఊరి కునాఫా కూడా చీజ్ మీద పంచదార పాకమే. మన అసీర్ వాళ్ళ అరీకాలో చీజ్ ఉండదు గానీ, వేడి గోధుమ ముద్ద మీద నెయ్యి, తేనె పోసుకుని తింటారు. చలి ప్రాంతపు తిండి అలాగే ఉంటుంది.

మొదటి కిటుకు ఉప్పు తీయడం. బకాలాలో "జిబ్నా అక్కావీ" అని అడగండి. అక్కా రేవు పేరు మీద వచ్చిన తెల్ల చీజ్ ఇది. హలూమీ తీసుకోవద్దు, అది ఎర్రగా వేగుతుందే గానీ కరగదు. నలుగురికి పావు కిలో చాలు. పలుచటి ముక్కలు కోసి మంచినీళ్ళలో రెండు మూడు గంటలు నానబెట్టండి. మధ్యలో మూడుసార్లు నీళ్ళు మార్చాలి. ఒక ముక్క నోట్లో వేసుకుని ఉప్పదనం పోయిందో లేదో చూడండి. పోకపోతే ఇంకో గంట ఆగండి. తొందరపడితే తేనె పోసినా ఉప్పే తగులుతుంది.

రెండో కిటుకు సన్నని మంట. స్టవ్ మీద మందపాటి పెనం, పెనం మీద నెయ్యి రాసిన స్టీలు గిన్నె. గిన్నెలో నీరు పిండేసిన చీజ్, రెండు చెంచాల టిన్ క్రీమ్ వేసి మూత పెట్టండి. మన దమ్ బిర్యానీ పద్ధతే. పది, పన్నెండు నిమిషాల్లో కరిగి అంచుల్లో బుడగలు వస్తాయి. మంట పెంచితే అడుగు మాడి, పైన గట్టిగానే ఉంటుంది. రూములో వంట నిషేధమైన క్యాంపుల్లో మెస్ కిచెన్‌లోనే చేయండి. మంచాల మధ్య స్టవ్ వెలిగించి ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు.

దించాక గింజ తీసిన ఖర్జూరాలు ఆరు తరిగి చల్లండి. గుప్పెడు వేయించిన పల్లీలు, చిటికెడు మిరియాల పొడి, ఆపైన రెండు చెంచాల తేనె. అసీర్ తేనెకు పెట్టింది పేరు. సిదర్ అంటే మన రేగు జాతి చెట్టే, సుమ్రా మన తుమ్మ జాతిది. కానీ అంత ఖరీదైన సిదర్ తేనెను చీజ్ మీద పోయడం దండగని నా అభిప్రాయం. చవక తేనె గానీ, ఖర్జూరపు పాకం దిబ్స్ గానీ చాలు. సిదర్ కొంటే ఇంటికి పంపండి. ఇంట్లో ఏడాది లోపు పసిబిడ్డ ఉంటే మాత్రం నాలుకకు రాయవద్దని ఫోనులో గట్టిగా చెప్పండి. ఎంత స్వచ్ఛమైన తేనె అయినా ఆ వయసులో ప్రాణాపాయం తేగల సూక్ష్మక్రిములు అందులో ఉండవచ్చు.

రొట్టెకు సమూలీ మేలు. నిన్నటిదైతే ఇంకా మంచిది, తడి తక్కువ ఉంటుంది. వేలెడు మందాన కోసి, నూనె లేకుండా పెనం మీద రెండు వైపులా కరకరలాడేలా కాల్చండి. ఖుబుస్ అయితే చీజ్ బరువుకు వంగిపోతుంది.

షుగరు, బీపీ ఉన్న సోదరులు ఒక ముక్కతో సరిపెట్టుకోవాలి. ఉప్పు ఎంత తీసినా కొంత మిగులుతుంది, తీపి సంగతి చెప్పనక్కరలేదు.

ఇది చల్లారితే రబ్బరులా సాగుతుంది. మళ్ళీ వేడి చేసినా మొదటి రుచి రాదు. చీజ్ ముందే నానబెట్టి ఉంచి, రూమువాళ్ళందరూ డ్యూటీ నుండి వచ్చి చేతులు కడుక్కున్నాకే స్టవ్ వెలిగించండి.