పొదుపు ఎవరి కంచంలోంచి?

2016 నవంబరు 8 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని టీవీలో కనిపించి, ఐదొందలు, వెయ్యి నోట్లు ఆ అర్ధరాత్రి నుంచి చెల్లవని చెప్పారు. మర్నాటి నుంచి మన ఇళ్లలో ఓ రహస్యం బయటపడింది. పోపుల డబ్బా అడుగున, బియ్యం డ్రమ్ములో, పట్టుచీర మడతల్లో, దేవుడి పటం వెనక ఇల్లాళ్లు దాచుకున్న నోట్లు ఒక్కొక్కటే వెలుగులోకి వచ్చాయి. ఆ డబ్బు ఉన్నట్టు చాలామంది భర్తలకు తెలియనే తెలియదు. జీతం తెచ్చే ఉద్యోగం లేని మనిషి దగ్గరికి అంత డబ్బు ఎలా చేరింది? కూరగాయల బేరంలో మిగిలిన పది, పాల లెక్కలో మిగిలిన ఇరవై, పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద చేతిలో పెట్టిన ఐదొందలు, కొనాలనుకుని మానేసిన చీర, ఎక్కకుండా నడిచొచ్చిన ఆటో. పిల్లాడి ఫీజుకో, అత్తగారి ఆస్పత్రి ఖర్చుకో, పండక్కి వచ్చే ఆడపడుచుకు పెట్టే చీరకో అక్కరకొస్తుందని ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము అది.

ఇంటి పొదుపు గురించి మాట్లాడాలంటే ఆ నోట్ల దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. మన ఇళ్లలో పొదుపు చాలాకాలంగా ఒక్క మనిషి చాకిరీగానే నడుస్తోంది. చిల్లర లెక్క చూసేది ఆమె, కోరిక చంపుకునేది ఆమె, అందరూ తిన్నాక గిన్నెలో అడుగూబొడుగూ తినేది ఆమె. నెలాఖరుకు డబ్బు చాలకపోతే "నువ్వేం చేశావ్?" అన్న ప్రశ్న కూడా ఆమెకే. ఆదా చేయడం మంచి అలవాటే, ఈ రోజుల్లో అవసరం కూడా. అయితే ఆదా పని ఇంటిల్లిపాదీ పంచుకోవాలి, మిగిలిన డబ్బు మీద ఆమె పేరు ఉండాలి. ఈ రెండూ లేని పొదుపును పొదుపని ఒప్పుకోవడం నాకు కష్టం.

ముందుగా కంచం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా! కారణాలు అనేకం. పిల్లలకు గుడ్డు పెట్టి తను పచ్చడి మెతుకులతో సరిపెట్టుకోవడం, మిగిలిన పెరుగు రేపటి తోడుకని పక్కన పెట్టడం కూడా వాటిలో ఉన్నాయి. అలా మిగిలిన రూపాయలు తర్వాత మందుల షాపుకు వెళతాయి. గుడ్డు, పాలు, పప్పు, ఆకుకూరల మీద కోత పెట్టి మిగిల్చింది ఏదైనా ఉంటే దాన్ని ఆదా పద్దులోంచి కొట్టేయండి. అది అప్పు, ఆమె ఒంటి మీద చేసిన అప్పు.

మరి కోత ఎక్కడ పెట్టాలి? 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ఓ దారి చూపిస్తుంది. దేశం మొత్తం మీద ఇంటి ఖర్చులో తిండి వాటా పల్లెల్లో 47 శాతం, పట్టణాల్లో 40 శాతానికి కాస్త తక్కువ. ఆ తిండి పద్దులో అన్నిటికంటే పెద్దది బియ్యమో పాలో అనుకుంటాం. కూల్‌డ్రింకులు, చిప్స్ ప్యాకెట్లు, బయట నుంచి తెప్పించుకునే టిఫిన్లు, బిర్యానీలు కలిసిన పద్దే అక్కడ మొదటి స్థానంలో ఉంది. పట్టణాల్లో మొత్తం ఖర్చులో 11 శాతం దానికే పోతోంది. ఇంట్లో పెరుగు గిన్నె మీద లెక్క చూసుకునే కుటుంబం ఫోన్‌లో ఆర్డరు పెట్టేటప్పుడు లెక్క చూసుకోవడం లేదన్నమాట. ఈ పద్దు ఒక్కరి చేతిలో ఉన్నదీ కాదు. పిల్లలూ, నాన్నా, బామ్మా అందరూ కలిసి పెంచిందే. తగ్గించాలన్నా అందరూ కూర్చోవలసిందే.

ఏడాది సరుకులు

వంటింటి ఆదాలో మన పెద్దవాళ్ల పద్ధతికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. ఏ సరుకు ఎప్పుడు పండుతుందో అప్పుడే ఏడాదికి సరిపడా కొనేవారు. ఎండలు ముదిరేలోపు కొత్త చింతపండు వస్తుంది. గింజలు, ఈనెలు తీసి, ఉప్పు చల్లి జాడీకెత్తితే మళ్లీ కొత్తపంట దాకా దిగులు లేదు. గుంటూరు యార్డుకు కొత్త మిర్చి పోటెత్తే రోజుల్లోనే కారం ఆడించుకోవాలి. కందిపప్పు ఎండలో పోసి, చల్లారాక డబ్బాకెత్తి, ఎండిన వేపాకు వేస్తే పురుగు పట్టదు. మామిడికాయ దిగగానే ఆవకాయ, మాగాయ. రోహిణి ఎండల్లో వడియాలు, చల్ల మిరపకాయలు, సగ్గుబియ్యం అప్పడాలు. కూరలు మండిపోయే వానాకాలంలో ఇంటిని నడిపేది ఇవే.

వస్తువులో ఏ భాగమూ వృథా పోనివ్వని నేర్పు మరొకటి. బీరకాయ చెక్కుతో పచ్చడి, ఆనపకాయ తొక్కతో మరో పచ్చడి, మిగిలిన అన్నం మజ్జిగలో నానితే పొద్దున్నే చద్దన్నం, ఇంకాస్త మిగిలితే పులిహోర. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. పాత నూలు చీరలు నాలుగు కలిపి కుడితే బొంత. ఈ పనులకు బీదరికంతో సంబంధం లేదు. కలిగిన ఇళ్లలోనూ జరిగేవి. పారేయడం తప్పని నమ్మిన మనుషులు వాళ్లు.

కాకపోతే ఇక్కడొక మాట తప్పక చెప్పాలి. వడియాలు పెట్టాలంటే తెల్లవారుజామున లేచి పిండి ఉడికించాలి, మేడ ఎక్కాలి, కాకుల్ని చూసుకోవాలి, సాయంత్రం తీయాలి. ఆఫీసుకెళ్లి వచ్చే ఆడమనిషి ఆదివారం పొద్దంతా ఆ ఎండలో గడిపితే మిగిలేదెంత, ఆమెకు పోయేదెంత? పిండి మోసేందుకు మగవాళ్లు, వడియాలు తీసేందుకు పిల్లలు చేయి వేసే ఇంట్లో అది పండగలా ఉంటుంది. చేయి వేయని ఇంట్లో వీధి చివర మహిళా సంఘం వాళ్ల దగ్గర కొనుక్కోవడమే మేలు. ఆమె శ్రమకు వెల కడితే చాలా "ఇంట్లో చేసుకుంటే చవక" లెక్కలు తలకిందులవుతాయి.

రోజుకూలీ ఇంటి సంగతి ఇంకా వేరు. ఏడాది సరుకులు కొనడానికి ఒక్కసారే పెట్టే డబ్బు వాళ్ల దగ్గర ఉండదు. అందుకే చిన్న నూనె ప్యాకెట్, పది రూపాయల చింతపండు. చిన్న చిన్నగా కొన్న చాలా వస్తువులకు కిలో లెక్కన పేదవాడే ఎక్కువ ధర కడతాడు. వాళ్లకు పొదుపు పాఠాలు చెప్పడం అన్యాయం. దీనికి విరుగుడు కనిపెట్టింది కూడా తెలుగు నేల మీది ఆడవాళ్లే. 2000ల మొదట్లో వెలుగు పథకం కింద చాలా పల్లెల్లో మహిళా సంఘాలు కలిసి బియ్యం టోకున కొని, సభ్యులకు అప్పు మీద పంచి, వాయిదాల్లో వసూలు చేసుకున్నాయి. నలుగురు కలిస్తే పేదవాళ్లూ టోకు బేరానికి వెళ్లగలరని తేలింది. అపార్ట్‌మెంట్లలో పదిళ్లవాళ్లు కలిసి రైతు దగ్గరే బస్తాలు తెప్పించుకోవడానికి ఏం అడ్డు? 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి. ఇంటికి దగ్గర్లో ఒకటి ఉంటే వారానికోసారి మగవాళ్లు సంచి పట్టుకుని వెళ్లాలని నా మనవి. ధరలు తెలిసిన మనిషి ఇంట్లో దుబారా చేయడు.

మీటరు తిరిగే చోట

గ్యాస్ మీద ఆదాకు చిట్కాలు అక్కర్లేదు, నీళ్ల స్వభావం తెలిస్తే చాలు. మరిగే నీళ్లు ఎంత పెద్ద మంట పెట్టినా అంతకంటే వేడెక్కవు. పొంగు వచ్చాక మంట తగ్గించండి, మూత పెట్టండి. పప్పు, శనగలు ముందే నానబెట్టండి, కుక్కర్ వాడండి. అంతే.

కరెంటు దగ్గర కాస్త ఆగాలి. పాతకాలం సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల చుట్టూ తీసుకుంటుంది. బీఎల్‌డీసీ మోటారుతో వస్తున్న కొత్త ఫ్యాన్లు 30 వాట్ల దగ్గర తిరుగుతాయి. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్ మీద నెలకు ఇరవై యూనిట్ల తేడా. మూడు ఫ్యాన్లున్న ఇంట్లో అరవై యూనిట్లు. మన బిల్లులు స్లాబుల మీద నడుస్తాయి కాబట్టి, తగ్గే ఆ అరవై యూనిట్లు అన్నిటికంటే ఖరీదైన పై స్లాబులోంచే తగ్గుతాయి. కొత్త ఫ్యాన్ ధర ఎక్కువే, కానీ కొన్ని వేసవులు తిరిగేసరికి ఆ డబ్బు చేతికొస్తుంది. పాత ఫ్యాన్ పాడైనప్పుడు మార్చండి, బాగున్నదాన్ని పారేసి మార్చొద్దు. ఏసీని 24 డిగ్రీల దగ్గర పెట్టండి. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన ఉంది. డిగ్రీ పెంచిన కొద్దీ దాదాపు 6 శాతం కరెంటు కలిసొస్తుంది. రెండు వేల వాట్ల గీజర్ అరగంట మర్చిపోతే యూనిట్ కాలిపోయినట్టే. ఇవి ఇంట్లో ప్రతి చేయీ స్విచ్ దగ్గరికి వెళ్లే విషయాలు. పన్నెండేళ్ల పిల్లాడికి మీటరు చదవడం నేర్పితే, నెలనెలా రీడింగ్ వాడే రాస్తాడు.

అసలు చిల్లు ఎక్కడ?

ఇంత కష్టపడి నెలకు నాలుగైదు వందలు మిగిల్చారనుకుందాం. అదే ఇంట్లో క్రెడిట్ కార్డు మీద ఇరవై వేల బాకీ ఉండి, ప్రతి నెలా "కనీస మొత్తం" మాత్రమే కడుతున్నారనుకుందాం. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే ఏడు వందలు. ఫ్యానూ, కుక్కరూ, బీరపొట్టు పచ్చడీ కలిసి మిగిల్చింది మొత్తం పోయి, ఎదురు కట్టాల్సి వస్తుంది. చిల్లర మీద అంత నిఘా పెట్టే ఇళ్లలో పెద్ద నోట్ల మీద నిఘా ఉండదు. పెద్ద నోట్ల నిర్ణయాలు చాలాచోట్ల ఆమె చేతిలో ఉండవు మరి.

వేడుకల సంగతి చెప్పనక్కర్లేదు. ఓణీల ఫంక్షన్‌కు, పంచెకట్టుకు కూడా ఇప్పుడు కల్యాణమండపాలు, డ్రోన్ కెమెరాలు, వచ్చినవాళ్లందరికీ రిటర్న్ గిఫ్టులు. పదేళ్ల పొదుపు ఒక్క పూట భోజనాల్లో కరిగిపోతుంది. చుట్టాలేమనుకుంటారోనన్న భయమే దీనికి మూలం. ఆ చుట్టాలూ మనింటికి వచ్చి వెళ్లాక అదే భయంతో అప్పు చేస్తారు. ఒక కుటుంబంలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని "మన ఇళ్లలో ఇంతకు మించి చేయొద్దు" అని ఒక మాట మీదికి వస్తే ఆ గొలుసు తెగుతుంది. ముందుగా తగ్గించేది కలిగినవాళ్లే కావాలి. లేనివాళ్లు తగ్గిస్తే చిన్నచూపు చూస్తారు.

పెద్ద చిల్లును మూయడంలో తెలుగు ఆడవాళ్లను మించినవాళ్లు లేరు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణం ముందు నిలబడ్డారు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ, చదువుకున్న పాఠాల్లో తమ బతుకులే కనబడి కదిలినవాళ్లు వాళ్లు. కూలి డబ్బు ఇంటికి చేరకముందే సారాకు పోతుంటే వంటింట్లో ఎన్ని గింజలు మిగిల్చినా నిలవదని వాళ్లకు అనుభవం మీద తెలుసు. ఆ ఉద్యమం ఊళ్లు దాటి జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. అంతటితో ఆగి ఉంటే అది సగం కథే అయ్యేది. నెల్లూరు ఆడవాళ్లు "పొదుపు లక్ష్మి" పేరుతో జట్లు కట్టి, రోజుకో రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. ఆ రూపాయి డబ్బాలో దాక్కోలేదు. పద్దు పుస్తకంలోకి ఎక్కింది, బ్యాంకు ఖాతాలోకి వెళ్లింది, పేరు మీద నిలిచింది. తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ పల్లెపల్లెకూ పెరిగిన మహిళా సంఘాలకు బలం అక్కడి నుంచే వచ్చింది. ఇంటి ఆదాయాన్ని తినేస్తున్న పెద్ద ఖర్చును అడ్డుకున్నారు, మిగిలినదాన్ని తమ పేరున దాచుకున్నారు. పొదుపంటే నాకు గుర్తొచ్చేది వాళ్లే.

ఇవాళ అలాంటి అవకాశం మరొకటి వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఎంపిక చేసిన ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. రోజూ పనికి వెళ్లివచ్చే అమ్మాయికి నెలకు వెయ్యి రూపాయల దాకా మిగలొచ్చు. ఎవరూ పట్టించుకోకపోతే ఆ వెయ్యి ఇంటి ఖర్చుల్లో ఇంకిపోతుంది. మిగిలిన డబ్బును నెల మొదట్లోనే పక్కకు తీస్తేనే అది పొదుపు.

అందుకే ఈ ఆదివారం ఒక పని చేయండి. భోజనాలయ్యాక అందరూ కూర్చుని పోయిన నెల ఖర్చులు కాగితం మీద రాయండి. ఫోన్‌లో చేసిన చెల్లింపులు, కార్డు వడ్డీ, బయటి తిండి, ఎవరి సిగరెట్లు వాళ్లవి, ఏదీ దాచొద్దు. వాటిలో ఆమె ఒక్కతే మానుకోవాల్సినవి కాక, అందరూ తగ్గించుకోగలిగినవి రెండు ఎంచుకోండి. మిగిలే మొత్తానికి సోమవారం పోస్టాఫీసులో ఆమె పేరు మీద రికరింగ్ డిపాజిట్ తెరవండి. ఐదేళ్ల గడువు, నెలకు వంద రూపాయల నుంచి కట్టుకోవచ్చు. ఐదొందలు కడితే ఐదేళ్లకు అసలే ముప్పై వేలు, పైన వడ్డీ. ఆధార్, పాన్ కార్డులు, రెండు ఫొటోలు పట్టుకుని వెళ్లండి. నామినీ కాలమ్ ఖాళీగా వదలకండి.